అడుగు పొడవు రేడియో తెరచాప పడవలు: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల చెరువుల్లో రిమోట్‌తో నడిచే బుల్లి తెరచాప పడవ చేసుకుని వదలాలనుకునేవాళ్లు అడిగే ప్రశ్నలివి. వరసగా చదవాల్సిన పనిలేదు. బరువు గురించిన జవాబును మాత్రం దాటేయొద్దు. మిగతా ప్రశ్నల్లో సగం దాంట్లోంచి పుట్టినవే.

ఇది బొమ్మా, పోటీ పడవా?

రెండూ. రేడియో తెరచాప పడవలకు ప్రపంచమంతా ఒప్పుకున్న తరగతులున్నాయి. ఇంటర్నేషనల్ వన్ మీటర్ తరగతిలో పొడవు మీటరు మించకూడదు, బరువు 4 కిలోలకు తగ్గకూడదు. ఆర్‌జీ65లో పొడవు 65 సెం.మీ., తెరచాపల వైశాల్యం 2,250 చదరపు సెం.మీ. మించకూడదు. మైక్రో మ్యాజిక్ పొడవు 53 సెం.మీ. ఈ వరసలో చిట్టచివరిది ఫుటీ. దీనికి ముఖ్యమైన నిబంధన ఒక పెట్టె. అడుగు పొడవు, అర అడుగు వెడల్పు, అడుగు లోతు ఉన్న ఆ పెట్టెలో కీల్‌తో సహా (పడవ కింద నీళ్లలోకి దిగే పలక) పడవ పట్టాలి. మిల్లీమీటర్లలో చెప్పాలంటే సుమారు 305, 153, 305. తెరచాప కొయ్య పెట్టె పైకి ఎంతైనా లేవొచ్చు. రేడియోకు రెండే చానళ్లు: ఒకటి చుక్కానికి, ఒకటి తెరచాపకు.

పెట్టె ఒక్కటే గట్టి హద్దు కాబట్టి లోపల ఎవరి బుర్రకు తోచిన ఆకారం వాళ్లు గీసుకుంటారు. నాకు ఈ తరగతి నచ్చిందీ అందుకే. ఇక్కడ రాసేదంతా ఈ సైజు గురించే.

చిన్నదే కదన్నా, పెద్దదానికంటే సులువుగా ఉండాలి కదా?

చెయ్యడం సులువే. నిలబెట్టడమే కష్టం.

పడవ కొలతలన్నీ సగం చేశారనుకోండి. తెరచాప వైశాల్యం నాలుగో వంతు అవుతుంది. గాలి తోసే ఎత్తు కూడా సగమవుతుంది కాబట్టి పడవను వాల్చే బలం ఎనిమిదో వంతు. మరి నిలబెట్టే బలం? బరువు ఎనిమిదో వంతుకు పడిపోయింది, కీల్ కొసన బిగించే గుండు వేలాడే లోతు సగమైంది. అంటే పదహారో వంతు. పడవను ఎంత కుదిస్తే పడిపోవడం అంత తేలికవుతుంది. చెరువు మీద గాలి మాత్రం మన కోసం కుదించుకోదు.

అందుకే పెద్ద పడవ ఫొటో చూసి అదే ఆకారాన్ని అడుగుకు కుదిస్తే అది చెరువులో పక్కకు పడుకుంటుంది. ఈ సైజులో కీల్ పెట్టె అడుగు దాకా దిగాలి. మొత్తం బరువులో సగం దాని కొసన ఉండాలి. తెరచాప పైకి పోయేకొద్దీ సన్నబడాలి.

లెక్క చూడండి. 200 గ్రాముల గుండు 25 సెం.మీ. లోతున వేలాడుతోంది, పడవ 30 డిగ్రీలు వాలింది. నిలబెట్టే బలం 2,500 గ్రాము సెంటీమీటర్లు. 900 చదరపు సెం.మీ. తెరచాప మీద గంటకు 11 కి.మీ. గాలి పక్క నుంచి కొడితే వాల్చే బలం కూడా దాదాపు అక్కడిదాకా వస్తుంది. మన చేతికి హాయిగా తగిలే గాలే అది. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. అందుకే పెద్దది, మధ్యరకం, చిన్నది అని మూడు జతల తెరచాపలు చేసుకుంటారు.

గ్రాములు లెక్కపెట్టమంటున్నారు. మరీ అంతగానా?

అంతగానే. 400 గ్రాముల పడవకు నేను వేసుకునే పద్దు ఇది. డొప్ప (పడవ ఒళ్లు), పైకప్పు కలిపి 60. రెండు సర్వోలు (రిమోట్ చెప్పినట్టు చేయి తిప్పే బుల్లి మోటార్లు) వాటి చేతులతో 20. రిసీవర్ 8. నాలుగు ట్రిపుల్ ఏ సెల్స్, వాటి పెట్టె కలిపి 55. తెరచాపలు, కొయ్య, దారాలు 30. కీల్ పలక 20, చుక్కాని 8. ఇప్పటికి 201 అయింది. మిగిలిందంతా గుండుకు. పై వాటిలో ఎక్కడ పెరిగినా ఆ గ్రాములు గుండులోంచే పోతాయి.

పడవ 400 గ్రాములుంటే అది 400 మిల్లీలీటర్ల నీటిని పక్కకు నెట్టాలి. నీటి మట్టం దగ్గర 30 సెం.మీ. పొడవు, 8.5 వెడల్పు, 3.5 లోతు అనుకుందాం. చదరపు దిమ్మె అయితే 892 ఘన సెం.మీ. వచ్చేది. ముక్కు, వెనక, అడుగు చెక్కేసిన ఆకారం కాబట్టి అందులో 45 శాతం దక్కుతుంది, అంటే 400. ఈ కొలతల పడవ మీద 18 గ్రాములు అదనంగా పడితే ఒక మిల్లీమీటరు దిగుతుంది. మూడు నాలుగు మిల్లీమీటర్లు దిగితే వెనక అంచు నీళ్లలో మునిగి, పడవ వెనకాల నీళ్లు గుడగుడలాడతాయి. వేగం అక్కడే పోతుంది.

బరువు దొంగలా వచ్చేది జిగురులో, పుట్టీలో, రెండో కోటు పెయింటులో. 0.1 గ్రాము చూపించే చిన్న డిజిటల్ తక్కెడ కొనుక్కోండి. ప్రతి ముక్కనూ అతికించే ముందు తూచి, దాని మీదే పెన్సిలుతో రాయండి. సర్వోలకంటే ముందు కొనాల్సిన వస్తువు ఇది.

నాకు కంప్యూటర్లో డ్రాయింగ్ రాదు. డిజైన్ చేసుకోవచ్చా?

గ్రాఫ్ పేపరు చాలు. పక్క నుంచి ఒక బొమ్మ, పైనుంచి ఒక బొమ్మ అసలు కొలతలో గీయండి. 30 సెం.మీ. పొడవును 3 సెం.మీ.కు ఒకటి చొప్పున గీతలతో విడగొట్టండి. ప్రతి గీత దగ్గర పడవను అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం గీసి, నీటి మట్టం కింద ఎన్ని చదరపు సెంటీమీటర్లు వచ్చాయో గళ్లు లెక్కపెట్టండి. అన్నిటినీ కూడి 3తో గుణిస్తే ఘన సెంటీమీటర్లు, అంటే గ్రాములు. ముక్కు కొస, వెనక కొస దగ్గరి గీతల్లో సగమే కలపాలి. మీ పద్దులో ఉన్న బరువు ఈ అంకెకు సరిపోతే డిజైన్ సగం అయినట్టే.

ముక్కు మాత్రం మరీ సన్నగా చెక్కకండి. వెనక గాలితో పోతున్నప్పుడు పైనున్న తెరచాప పడవను ముందుకు తోసి ముక్కును నీళ్లలో ముంచుతుంది. ఈ సైజు పడవలకు ఇది పుట్టుజబ్బు. ముక్కు దగ్గర ఎత్తు, పైభాగంలో కాస్త లావు ఉంటే మునిగిన ముక్కు మళ్లీ లేస్తుంది.

డొప్ప దేంతో చేయాలి?

మొదటి పడవకు బాల్సా అనే చాలా తేలికైన చెక్క. 1.5 మి.మీ. షీట్లతో అతికిస్తే ఉత్త చెక్క 15 గ్రాముల లోపే వస్తుంది. వార్నిష్, మూలల్లో జిగురు, సన్న ఫైబర్ గుడ్డ వేసినా మన 60లోపే ఉంటుంది. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది.

రెండోది థర్మోకోల్. వేడి తీగతో కోసి, ఇసుక కాగితంతో రుద్ది, పైన గ్లాస్ ఫైబర్ గుడ్డ వేయాలి. ఇక్కడ జాగ్రత్త. హార్డ్‌వేర్ కొట్లో ఫైబర్ పనికి ఇచ్చే మామూలు పాలిస్టర్ రెసిన్ థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. ఫెవిక్విక్ లాంటివీ అంతే. ఎపాక్సీ అని అడిగి తీసుకోండి.

త్రీడీ ప్రింటర్ ఉన్నవాళ్లు ప్రింటు చేస్తామంటారు. 0.8 మి.మీ. గోడతో పీఎల్‌ఏ (ఆ ప్రింటర్లలో వాడే ప్లాస్టిక్) డొప్ప, పైకప్పు కలిపితే 60 గ్రాములు అక్కడే అయిపోతాయి. ఇంకేదీ పెరగకుండా చూసుకోగలిగితే చేయండి. నా ఓటు బాల్సాకే.

ఒకాయన ఎర్రచందనంతో చేయొచ్చా అని అడిగారు. శ్రీకాళహస్తి పక్కన మాధవమాలలో కొయ్య చెక్కేవాళ్ల చేతిపని చూస్తే ఎవరికైనా ఆ ఆలోచన వస్తుంది. కానీ ఆ చెక్క నీళ్లలో మునిగేంత బరువు. పైగా దాన్ని ఇంట్లో పెట్టుకుంటే ఫారెస్టువాళ్లకు జవాబు చెప్పుకోవాలి. పడవ అంచు మీద సన్న పట్టీలా కూడా వద్దు.

కీల్, గుండు, చుక్కాని?

కీల్ పలకకు సర్క్యూట్ బోర్డులు చేసే 1.6 మి.మీ. గ్లాస్ ఎపాక్సీ షీటు బాగుంటుంది. గట్టిగా ఉంటుంది, వంగదు. ముందు అంచు గుండ్రంగా, వెనక అంచు సన్నగా రుద్దుకోవాలి. చుక్కాని కడ్డీకి సైకిల్ స్పోకు. 2 మి.మీ. ఉంటుంది, తుప్పు పట్టని రకం అడగండి. అది దూరే ఇత్తడి గొట్టం లోపల కాస్త వ్యాజలిన్ పూస్తే నీళ్లు పైకి రావు.

గుండుకు సీసం మంచిది. 200 గ్రాముల సీసం 18 ఘన సెం.మీ. లోపే. అదే ఇనుమైతే 25 దాటుతుంది, నీళ్లలో అంతమేర అడ్డం. వలలకు కట్టే సీసపు గుళ్లు, టైర్ల కొట్లో చక్రం బ్యాలెన్సింగుకు వాడి పీకేసిన ముక్కలు ఇందుకు పనికొస్తాయి. కరిగించడం మాత్రం ఆరుబయట, గాలి వీపుకు తగిలేలా నిలబడి, వంటకు మళ్లీ వాడని పాత్రలో చేయాలి. పిల్లలు దగ్గర ఉండకూడదు. అచ్చులో తడి ఉంటే సీసం పేలినట్టు చిమ్ముతుంది. ఇదంతా ఎందుకనుకుంటే సీసపు గుళ్లను సన్న గొట్టంలో పేర్చి ఎపాక్సీ పోయండి. కాస్త లావవుతుంది, అంతే.

రేడియో సామాను ఏం కొనాలి?

రెండు చానళ్ల 2.4 గిగాహెర్ట్జ్ సెట్టు ఏదైనా చాలు. ఈ బ్యాండులో తక్కువ శక్తి సెట్లకు మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. సర్వోలు 9 గ్రాములవి రెండు. చెన్నైకి పోయే పనుంటే రిచీ స్ట్రీట్‌లో చూసుకోవచ్చు, లేకపోతే ఆన్‌లైన్.

2.4 గిగాహెర్ట్జ్ సంకేతాలను నీళ్లు మింగేస్తాయి. రిసీవర్ యాంటెన్నా తీగ డొప్ప అడుగున పడి ఉంటే పది మీటర్లకే పడవ మాట వినదు. తీగను పైకప్పు కిందికి, నీటి మట్టానికి పైన ఉండేలా అతికించండి. కరెంటుకు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ నాలుగు. ఒక్కోటి 1.2 వోల్టులు, మొత్తం 4.8. రెండు సెల్స్ లిథియం ప్యాక్ 7.4 వోల్టులిస్తుంది. చిన్న సర్వోలు దానికి కాలిపోతాయి.

తెరచాప సర్వో దారాన్ని సరిపడా లాగడం లేదు. పెద్ద సర్వో వేయాలా?

వద్దు, కొలత మార్చండి. బూమ్ (తెరచాప కింది అంచును పట్టుకునే అడ్డ కర్ర) మీద దారం కట్టే చోటు కొయ్య నుంచి 6 సెం.మీ. దూరంలో ఉంటే, బూమ్ 80 డిగ్రీలు తెరుచుకోవడానికి 7.7 సెం.మీ. దారం కావాలి. 5.5 సెం.మీ. చేయి 90 డిగ్రీలు తిరిగితే 7.8 సెం.మీ. లాగుతుంది. సరిగ్గా సరిపోయింది. సర్వోతో వచ్చే తెల్ల ప్లాస్టిక్ చేయి పొట్టిది. దాని మీద మిగిలిన బోర్డు షీటు ముక్క అతికించి పొడిగించుకోవాలి.

తెరచాప దేంతో, ఎలా కోయాలి?

50 మైక్రాన్ల డ్రాఫ్టింగ్ ఫిల్మ్ దొరికితే అదే. 900 చదరపు సెం.మీ. కలిపి ఆరేడు గ్రాములు. దొరక్కపోతే పూలకొట్టువాళ్లు బొకేలకు చుట్టే పారదర్శక కవరు. అది గాలికి చిటపటలాడుతుంది, త్వరగా ముడతలు పడుతుంది, కానీ నేర్చుకోవడానికి చాలు. గొడుగు గుడ్డ వద్దు, ఈ సైజుకు బరువెక్కువ.

ఫిల్మ్‌ను అద్దం మీద పరిచి, కొత్త బ్లేడుతో స్టీలు స్కేలు వెంబడి ఒక్క లాగుకు కోయండి. కత్తెర వద్దు. చదునైన తెరచాప గాలికి ఎదురు సరిగా వెళ్లలేదు, దానికి కాస్త పొట్ట కావాలి. తెరచాపను అడ్డంగా మూడు ముక్కలు చేయండి. అతికే అంచుల్లో ఒకదాన్ని తిన్నగా ఉంచి, రెండోదాన్ని మధ్యలో 2 మి.మీ. ఉబ్బేలా వంపుగా కోయండి. ఆ వంపు అంచును తిన్నటి అంచుకు రెండువైపులా అంటుకునే సన్న టేపుతో కొద్దికొద్దిగా కలుపుతూ పోతే పొట్ట దానంతట అదే వస్తుంది. బల్ల మీద పెడితే ఇక చదునుగా పడుకోదు. అప్పుడు సరిగ్గా వచ్చినట్టు. మూలల్లో గట్టిదనానికి రేడియం స్టిక్కర్ల కొట్లో మిగిలే వినైల్ ముక్కలు అంటించండి. పైకప్పు మీది మూత సీలు చేయడానికీ అవే.

తెరచాప కొయ్యకు 3 లేక 4 మి.మీ. కార్బన్ గొట్టం. సన్నగా చివ్విన వెదురు బద్దా పనికొస్తుంది. ముందు, వెనక తెరచాపలు రెండూ ఒకే బూమ్ మీద కలిసి తిరిగే అమరిక ఒకటుంది. సర్వో మీద భారం తగ్గుతుంది, వెనక గాలికి రెండూ చక్కగా తెరుచుకుంటాయి. రెండో పడవకు ప్రయత్నించండి.

పడవ ఊరికే గాలివైపు తిరిగిపోతోంది. చుక్కాని పెద్దది చేయాలా?

కాదు. తెరచాప మీద గాలి తోసే చోటు కీల్ కంటే బాగా వెనక ఉంది. కొయ్యను ముందుకు వంచండి, లేకపోతే ముందుకు జరపండి. దానికోసమే కొయ్య దూర్చే రంధ్రాలు వరసగా మూడు నాలుగు పెట్టుకోవాలి. గాలికి దూరంగా తిరిగిపోతుంటే కొయ్యను వెనక్కి. చుక్కాని మధ్యలో వదిలేస్తే పడవ మెల్లగా గాలివైపు తిరగాలి, అంతవరకే కావాలి.

చెరువుకు తీసుకెళ్లే ముందు ఇంట్లో నీళ్ల తొట్టిలో వేసి, కొయ్యను నీళ్లకు ఆనేదాకా వాల్చి వదలండి. చటుక్కున లేవాలి. తటపటాయిస్తే గుండు చాలలేదు.

ఎంత స్పీడు పోతుంది?

నీటి మట్టం దగ్గర 30 సెం.మీ. పొడవున్న పడవ తన అలను తాను దాటలేక గంటకు రెండున్నర కి.మీ. దగ్గర ఆగిపోతుంది. గట్టు మీద నడిచే మనిషి దాన్ని దాటేస్తాడు. విసురు గాలికి కాసేపు ఇంకాస్త పోవచ్చు. స్పీడు కావాలంటే మోటారు బోటు కొనుక్కోండి సామీ.

తిరుపతి, చిత్తూరుల్లో ఎక్కడ వదలొచ్చు?

మోకాలి లోతు నీళ్లు, గట్టు మీద చెట్లు లేని ఒక వైపు, నాచు తక్కువ. ఈ మూడూ చూడండి. తిరుపతి పక్కన అవిలాల, పేరూరు చెరువులు, రామచంద్రాపురం వైపు రాయలచెరువు, చిత్తూరు ఊళ్లోనే కట్టమంచి, గంగినేని చెరువులు ఉన్నాయి. పోయేముందు నీళ్లెంతున్నాయో చూసుకోండి. గుర్రపుడెక్క అల్లుకున్న చోట అడుగు లోతు కీల్ ఉన్న పడవ ఒక్క మీటరు కూడా కదలదు. చేపలు పట్టేవాళ్లుంటే ముందు వాళ్లను అడగండి. వల ఎక్కడుందో వాళ్లకే తెలుసు.

రాయలచెరువు లాంటి చోట కొండల మీద నుంచి దిగే గాలి ఒక దిక్కున నిలవదు. నేర్చుకునేవాళ్లకు చిరాకు, నేర్చినవాళ్లకు మజా.

నా లెక్కలో అన్నిటికన్నా మంచివి మామిడి తోటల్లో డ్రిప్పు కోసం ప్లాస్టిక్ షీటు పరిచి కట్టుకున్న నీటి కుంటలు. నాచు తక్కువ, చుట్టూ నడవొచ్చు. తెలిసిన రైతు ఉంటే అడగండి. కానీ ఆ షీటు వాలు నున్నగా జారుతుంది, పడితే పైకి ఎక్కడానికి పట్టు దొరకదు. తాడు కట్టి ఉంచకుండా అంచుకు దిగొద్దు, ఒంటరిగా అసలు పోవద్దు.

కల్యాణి డ్యామ్ తిరుపతికి తాగునీరిచ్చేది, చుట్టూ అడవి. దాన్ని వదిలేయండి. పులికాట్ పక్షుల రక్షిత ప్రాంతం, అక్కడ కూడా వద్దు.

కోనేట్లో వదలొచ్చా?

వద్దు. ఫాల్గుణంలో తిరుమల పుష్కరిణిలో, జ్యేష్ఠంలో తిరుచానూరు పద్మసరోవరంలో తెప్పోత్సవం జరిగే నీళ్లవి. కొండ మీదికి రిమోటే తీసుకెళ్లకండి. అలిపిరి తనిఖీలో యాంటెన్నా ఉన్న ఆ పెట్టె ఏమిటో వివరిస్తూ నిలబడాల్సి వస్తుంది.

ఏ నెలల్లో బాగుంటుంది?

మన చెరువులు నిండేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానలకు. అందుకే డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. తుపాను రోజుల్లో చెరువు కట్ట వైపు పోకండి. 2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్టకు లీకు పడి కింది ఊళ్లను ఖాళీ చేయించిన సంగతి ఈ ప్రాంతంవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో చాలా చెరువుల్లో క్రికెట్ ఆడతారు.

చెరువు మధ్యలో ఆగిపోతే ఎలా?

ముందే ఆలోచించాల్సిన విషయం. గాలి ఎటు పోతోందో చూసి ఆ వైపు గట్టు మీద నిలబడండి. సెల్స్ అయిపోయినా, దారం తెగినా పడవ కొట్టుకొచ్చి మీ కాళ్ల దగ్గరికే చేరుతుంది. నాచులో ఇరుక్కుంటే గేలం దారానికి టెన్నిస్ బంతి కట్టి పడవ అవతలికి విసిరి మెల్లగా లాగండి. ఈదుకుంటూ మాత్రం పోవద్దు. మన చెరువుల అడుగున ఒండ్రు ఉంటుంది, మట్టి తవ్వేసిన గుంతలుంటాయి. ఎక్కడున్నాయో పైకి తెలియదు. 400 గ్రాముల పడవ పోతే పోయింది.

మునగకుండా ఉండాలంటే డొప్ప లోపల ఖాళీల్లో థర్మోకోల్ ముక్కలు కుక్కండి. నీళ్లు నిండినా తేలాలి, గుండు బరువుతో సహా. 200 మి.లీ. ముక్కలు పడితే గుండెకు నిబ్బరం.

మా పాపకు పదేళ్లు. చేయగలదా?

తెరచాపలు, రంగు, తూకం పని పాపకు ఇవ్వండి. బ్లేడు, ఎపాక్సీ, సీసం మీరు చూసుకోండి. గళ్లు లెక్కపెట్టి బరువు తేల్చే పని పిల్లలు పెద్దవాళ్లకంటే ఓపిగ్గా చేస్తారు.

నలుగురం కలిస్తే పోటీ పెట్టుకోవచ్చా? రూల్స్ ఏమిటి?

తెరచాప పడవల పోటీ నిబంధనలు నాలుగేళ్లకోసారి కొత్తగా వస్తాయి. ఇప్పుడున్నవి 2025 నుంచి 2028 దాకా. వాటిలో ‘ఈ’ (E) అక్షరం అనుబంధం రేడియో పడవలకు. అంతా చదవక్కర్లేదు, మూడు ముక్కలు చాలు. కుడి పక్క నుంచి గాలి తగిలే పడవకు, ఎడమ పక్క నుంచి గాలి తగిలే పడవ దారివ్వాలి. ఇద్దరికీ ఒకే పక్క గాలి అయితే, గాలి వచ్చే దిక్కున ఉన్నది దారివ్వాలి. వెనక నుంచి వచ్చేది ముందున్నదాన్ని తప్పించుకుని పోవాలి. బోయాలుగా, అంటే పడవలు చుట్టి రావాల్సిన తేలే గుర్తులుగా, ఖాళీ నీళ్ల సీసాలకు రాయి కట్టి వదలండి, ఆట అయ్యాక తీసేయండి.

ఎండాకాలం ఎక్కడ పెట్టాలి?

కారులో మాత్రం వద్దు. పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో అద్దాలు మూసి ఎండలో పెట్టిన కారు డాష్‌బోర్డు మీద ఆ వేడి సులువుగా పుడుతుంది. బాల్సా డొప్ప తట్టుకున్నా తెరచాపలు ముడుచుకుపోతాయి, టేపులు ఊడతాయి. సెల్స్ తీసేసి, తెరచాపలు చుట్టకుండా చదునుగా అట్టల మధ్య పెట్టి, లోపలి తడి ఆరేలా మూత తెరిచి బీరువా మీద పెట్టండి.